దేవదారు, దేవదారి: పవిత్ర గ్రంథంలోని మ్రాను, మన కొండమీది చెట్టు



ఆదివార పఠనాలలోను, కీర్తనలలోను మనం తరచుగా వినే చెట్టు పేరు దేవదారు. నీతిమంతుడు లెబానోను దేవదారువలె ఎదుగుతాడని 92వ కీర్తన చెబుతుంది. సొలోమోను కట్టించిన దేవాలయం లోపలి గోడలకు దేవదారు పలకలే. పరమగీతంలో ప్రియురాలు తమ ఇంటి దూలాలు దేవదారువని మురిసిపోతుంది. ఈ మాటలు విన్నప్పుడు మన ఉపదేశులు, సంఘ పెద్దలు అడిగే ప్రశ్న ఒకటుంది. "ఇది మన కొండలలో దొరికే దేవదారేనా? మూలికల అంగడిలో అమ్మే చెక్క ఇదేనా? పూజావస్త్రాల పెట్టె ఆ కొయ్యతో చేయిస్తే పురుగు పట్టదంటారు, నిజమేనా?" ప్రశ్న చిన్నదే. జవాబులో మాత్రం మన విశ్వాసానికి, మన వడ్రంగానికి, మన సీమ చరిత్రకు సంబంధించిన సంగతులున్నాయి. ఈ వారం పాఠంలో వాటిని వరుసగా చూద్దాం.

1. ఒక పేరు, అయిదు చెట్లు

తత్వశాస్త్రంలో మొదట నేర్పే పాఠం, పేరు వేరు, వస్తువు వేరు అని. దేవదారు విషయంలో ఈ పాఠం బాగా పనికి వస్తుంది. సంస్కృతంలో 'దేవదారు' అంటే దేవతల కొయ్య. మంచి వాసన, మంచి చేవ ఉన్న ఏ కొయ్యకైనా జనం ఈ పేరు పెట్టేశారు. కాబట్టి ముందు చెట్లను విడదీసుకుందాం.

మొదటిది లెబానోను దేవదారు. శాస్త్రజ్ఞులు దీనిని సెడ్రస్ లిబాని అంటారు. పవిత్ర గ్రంథంలోని దేవదారు ఎక్కువ చోట్ల ఇదే. రెండవది హిమాలయ దేవదారు, సెడ్రస్ దేవదార. ఇది లెబానోను చెట్టుకు సొంత చెల్లెలు వంటిది. కాశ్మీరు, హిమాచల ప్రదేశ్, ఉత్తరాఖండ్ కొండలలో పెరుగుతుంది. ఆయుర్వేద గ్రంథాలు చెప్పే దేవదారు ఇదే. మూడవది అమెరికా ఖండపు ఎర్ర సెడార్. దాని శాస్త్రనామం జునిపెరస్ వర్జీనియానా. నిజానికి అది దేవదారు జాతి కాదు, జూనిపర్ జాతి. అయినా పాశ్చాత్య దేశాలలో వాసన పెట్టె అంటే ఈ కొయ్యతో చేసినదే. నాలుగవది మన బడుల ముందు, గుడుల ముందు వరుసగా నాటే పొడవాటి నరమామిడి చెట్టు. అశోకమని చాలామంది పొరబడే చెట్టు ఇదే. వంగదేశంలో దీనిని దేవదారు అంటారు. దీని కొయ్య తెల్లగా, మెత్తగా ఉంటుంది. పరిమళం లేదు.

అయిదవది మన సొంతం. రాయలసీమ ఎండు కొండలలో, రాళ్ల సందులలో పెరిగే చిన్న చెట్టు. మన పెద్దలు దీనిని దేవదారి అన్నారు. అడవి గెరంత అని కూడా పేరు. శాస్త్రనామం ఎరిత్రోగ్జైలమ్ మోనోగైనమ్. ఆంగ్లేయ అటవీ అధికారులు దీనికి రెండు పేర్లు పెట్టారు. ఒకటి ఎర్ర సెడార్, రెండవది దొంగ చందనం. దక్షిణ దేశపు మూలికల అంగళ్లలో దేవదారు పేరుతో చాలా చోట్ల అమ్మేది ఈ కొయ్యే.

ఇవి చాలవన్నట్టు, సరుకుల పెట్టెలకు వాడే తెల్లని పైన్ చెక్కను కూడా దేవదారు అనేవాళ్లున్నారు. కనుక ఎవరైనా "దేవదారు తెచ్చాను" అంటే, ఏ దేవదారో అడిగి తెలుసుకోండి.

2. లెబానోను కొండమీది మహావృక్షం

లెబానోను దేవదారు నలభై మీటర్ల వరకు పెరగగలదు. కొమ్మలు అంతస్తులు అంతస్తులుగా అడ్డంగా చాస్తుంది. చాలా మెల్లగా ఎదుగుతుంది. వందల ఏండ్లు బ్రతుకుతుంది. పొడవైన దూలాలు దొరకని ఐగుప్తు, పాలస్తీనా, మెసపొటేమియా దేశాల రాజులందరి చూపు ఈ అడవిమీదే ఉండేది. ఐగుప్తు రాజు ఖూఫు పిరమిడు ప్రక్కన పాతిపెట్టిన ఓడ 1954లో బయటపడింది. దాని పొడవు సుమారు 43 మీటర్లు. దాని పలకలలో అత్యధికం లెబానోను దేవదారువి. సుమారు నాలుగున్నర వేల యేండ్లు మట్టిక్రింద ఉండి కూడా ఆ కొయ్య పుచ్చిపోలేదు. ఈ కొయ్య మన్నికకు ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

సొలోమోను దేవాలయం కట్టేటప్పుడు తూరు రాజు హీరాముతో ఒడంబడిక చేసుకున్నాడు (1 రాజులు 5). హీరాము మనుషులు మ్రాకులను నరికి, తెప్పలుగా కట్టి, సముద్రం మీద తేల్చి పంపేవారు. బదులుగా సొలోమోను గోధుమలు, నూనె పంపేవాడు. ఆలయం లోపల రాయి కంటికి కనబడకుండా దేవదారు పలకలు కప్పారు. నేలకు మాత్రం మరొక కొయ్య వాడారు. ఏ పనికి ఏ కొయ్య తగునో ఆనాటి పనివారికి బాగా తెలుసునన్నమాట.

అదే అధ్యాయంలో మనం తొందరగా చదివి దాటిపోయే వాక్యాలు కొన్ని ఉన్నాయి. ఈ పనికి రాజు ముప్పదివేల మందిని వెట్టికి పట్టాడు. నెలకు పదివేల మంది చొప్పున లెబానోనుకు పంపాడు. ఒక నెల కొండమీద, రెండు నెలలు ఇంటివద్ద. డెబ్బదివేల మంది బరువులు మోశారు. ఎనుబదివేల మంది కొండలలో రాళ్లు కొట్టారు. దేవుని ఆలయానికి ఏడేండ్లు పట్టింది. రాజుగారి సొంత నగరుకు పదమూడేండ్లు పట్టింది. ఆ నగరులో ఒక మేడకు దేవదారు స్తంభాలు ఎన్ని నిలిపారంటే, దానికి 'లెబానోను అరణ్య గృహ'మనే పేరే వచ్చింది. సొలోమోను చనిపోగానే ప్రజలు అతని కుమారుని వద్దకు వచ్చి, నీ తండ్రి మోపిన కాడిని తేలిక చేయుమని మొరపెట్టుకున్నారు. అతడు వినలేదు. రాజ్యం రెండుగా చీలిపోయింది (1 రాజులు 12). దేవదారు పరిమళం వెనుక ఇంత చెమట, ఇంత కన్నీరు ఉన్నాయి.

ప్రవక్తలు ఈ సంగతి మరువలేదు. యిర్మీయా ప్రవక్త 22వ అధ్యాయంలో యెహోయాకీము రాజును నిలదీస్తాడు. పనివానికి కూలి ఇవ్వకుండా ఇల్లు కట్టి, దానికి దేవదారు పలకలు తాపి, ఎర్రరంగు పూయించిన వాడు అతడు. దేవదారు కొయ్యలో పోటీ పడినంత మాత్రాన రాజువవుతావా అని అడుగుతాడు. నీ తండ్రి యోషీయా తిన్నాడు, త్రాగాడు, అయినా పేదలకు న్యాయం చేశాడు, నన్ను తెలిసికోవడమంటే అదే గదా అని దేవుని తరపున చెబుతాడు. గుడి కట్టే ప్రతి సంఘం, ఇల్లు కట్టే ప్రతి గృహస్థుడు చదువుకోవలసిన అధ్యాయమిది.

నేడు లెబానోనులో ఆ అడవి చాలావరకు పోయింది. మిగిలిన తోపులలో పేరుగన్నది బ్షర్రీ పట్టణం దగ్గర ఉంది. దానిని 'దేవుని దేవదారులు' అంటారు. ప్రక్కనే ఉన్న ఖాదీషా లోయ మన మారోనీయ కతోలిక సన్యాసులు శతాబ్దాలుగా తపస్సు చేసిన చోటు. 1998లో యునెస్కో ఈ రెంటినీ ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. లేత మొక్కలను మేకలు మేసేయకుండా 1876లో ఆ తోపు చుట్టూ రాతిగోడ కట్టారు. అందుకు డబ్బిచ్చింది ఇంగ్లాండు రాణి విక్టోరియా. ఈ సంవత్సరాన్ని జ్ఞాపకం పెట్టుకోండి. మళ్లీ దీని దగ్గరకు వద్దాం.

3. పరిమళం ఎక్కడినుంచి వస్తుంది?

చెట్టు మానును అడ్డంగా కోస్తే రెండు భాగాలు కనబడతాయి. బయట తెల్లని లేతకొయ్య, లోపల రంగు తేలిన చేవ. లేతకొయ్య గుండా నీరు పైకి పోతుంది. చెట్టు పెద్దదయ్యేకొద్దీ లోపలి పొరలు ఆ పని మానుకుంటాయి. అలా మానుకునేటప్పుడు వాటిలో నూనెలు, బంకలు, రంగులు చేరుతాయి. అదే చేవ. శిలీంధ్రాలు, పురుగులు తన గుండెను తినకుండా చెట్టు చేసుకున్న ఏర్పాటు ఇది. మన ముక్కుకు పరిమళంగా తోచేది పురుగుకు విషం. ఎర్ర సెడారులోని సెడ్రోల్ అనే పదార్థం అటువంటిదే.

ఇందులోనుంచి మూడు విషయాలు తెలుస్తాయి. ఒకటి, వాసన, మన్నిక రెండూ చేవలోనే ఉంటాయి. తెల్లకొయ్యకు ఆ గుణాలు లేవు. చేవ లేని దేవదారును చెదలు మామూలు కొయ్యను తిన్నట్టే తింటాయి. రెండు, నూనె గాలిలోకి పోతుంది గనుక పైపొర వాసన కొన్ని యేండ్లకు తగ్గుతుంది. లోపల మాత్రం ఉంటుంది. ఉప్పుకాగితంతో మెల్లగా రుద్దితే మళ్లీ వాసన వస్తుంది. మూడు, లోపలివైపు వార్నీషు వేస్తే నూనె బయటికి రాదు. వాసన పెట్టెకు లోపల మెరుగు పెట్టించేవాడు అత్తరు సీసాకు మైనం బిగించి ఉంచినట్టే.

4. వడ్రంగి చేతిలో

నిజమైన దేవదారు, ఎర్ర సెడారు రెండూ తేలికైన కొయ్యలు. మన టేకుకంటె బరువు తక్కువ. రంపానికి, చిత్రికకు సులువుగా లొంగుతాయి. ఎండినాక పెద్దగా వంకర పోవు. అయితే పెళుసు. మేకు నేరుగా కొడితే చీలుతాయి. ముందు బరమతో సన్నని బెజ్జం పెట్టి ఆ తరువాత మేకు దింపాలి. ముడులు గట్టిగా ఉంటాయి గనుక ఉలికి పదును చాలాలి. బంక ఉంటుంది గనుక ఉప్పుకాగితం త్వరగా పూడుకుపోతుంది. పొడి ముక్కులోకి, ఊపిరితిత్తులలోకి పోతే మంచిది కాదు. పనివాడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

కాశ్మీరంలో శ్రీనగరు జామా మసీదు లోపల మూడువందలకు పైగా స్తంభాలు దేవదారు మానులే. బ్రిటిష్ కాలంలో హిమాలయ దేవదారు లక్షలాది రైలు స్లీపర్లయింది. దుంగలను నదులలో వదిలితే మైదానానికి కొట్టుకొచ్చేవి. అమెరికాలో ఎర్ర సెడారు ఎక్కువగా పెన్సిళ్లకు పోయింది. కత్తితో చెక్కితే నునుపుగా తెగే గుణం దానికి ఉంది. పెన్సిళ్లకు ఆ చెట్లు తరిగిపోయాక వేరే కొయ్య వెతుక్కోవలసి వచ్చింది. మంచి గుణమే చెట్టుకు ముప్పు తెచ్చింది.

ఇక పెట్టె సంగతి. బట్టలను తినేది రెక్కల చిమ్మట కాదు, దాని పిల్ల పురుగు. అది తినేది ఉన్ని, పట్టు, వెంట్రుక. నూలు బట్టకు చెమటో నూనెమరకో ఉంటే తప్ప దాని జోలికి పోదు. కురుబ సోదరులు నేసే కంబళ్లు, ధర్మవరం పట్టుచీరలు ఉన్న మన సీమలో ఈ సంగతి తెలిసి ఉండాలి. సెడారు నూనె అప్పుడే గ్రుడ్డు పగిలి వచ్చిన చిన్న పురుగులను చంపగలదు. పెరిగిన పురుగును, గ్రుడ్లను, ఎగిరే చిమ్మటను చంపలేదు. కనుక వాసన పెట్టె మంత్రం పెట్టె కాదు. పురుగున్న బట్టను దులపకుండా అందులో పెడితే, లోపలే కాపురం పెడుతుంది. మూత బిగువుగా ఉండడం, లోపల పెట్టే బట్ట శుభ్రంగా ఉండడం, అప్పుడప్పుడు ఎండ చూపించడం, ఈ మూడూ పరిమళంకంటె ముఖ్యం.

5. మన దేవదారి

ఇప్పుడు మన కొండకు వద్దాం. అగళి, మడకశిర, పెనుకొండ సీమవారికి ఎండు కొండలంటే ఏమిటో చెప్పనక్కరలేదు. దేవదారికి అటువంటి నేల చాలు. చాలా చోట్ల అది పొదలాగానే ఉండిపోతుంది. కాస్త చోటు దొరికితే చిన్న చెట్టవుతుంది. చిన్న ఆకులు, చివర గుండ్రంగా, మొదట సన్నగా ఉంటాయి. పూలు చిన్నవి, తెలుపు. పండ్లు ఎర్రగా, చిన్నగా ఉంటాయి. పక్షులు తింటాయి.

చేవ ముదురు గోధుమ రంగు. బరువు ఎక్కువ, గట్టితనం ఎక్కువ. మంచి వాసన ఉంది. మెరుగు బాగా తీసుకుంటుంది. అందుకే చందనం పేరుతో దీనిని అంటగట్టే మోసం పుట్టి, దొంగ చందనమన్న పేరు వచ్చింది. పాపం, చెట్టు దొంగ కాదు, అమ్మేవాడు దొంగ. మాను సన్నం గనుక పలకలు రావు. పెట్టెలకు, తలుపులకు పనికిరాదు. చేతికర్రలు, పిడులు, కడవపని బొమ్మలు, చిన్న చెక్కడాలు, గుంజలు, వీటికి తగిన కొయ్య. దీనిని కాల్చి తీసే తారునూనెను సింహళంలో కొయ్య చెడకుండా పూసేవారు.

ఈ చెట్టు మన జనానికి చేసిన గొప్ప మేలు కొయ్యతో చేసినది కాదు. 1876 నుంచి 1878 వరకు దక్షిణ దేశాన్ని మహా కరువు పట్టింది. ధాత నామ సంవత్సరంలో మొదలైంది గనుక మన పెద్దలు ధాత కరువన్నారు. అప్పటికి అనంతపురం జిల్లా లేదు. 1882లో గాని ఏర్పడలేదు. ఈ తాలూకాలన్నీ బళ్లారి జిల్లాలో ఉండేవి. కరువు దారుణంగా తాకిన జిల్లాలలో బళ్లారి ఒకటి. 1877లో తిండిలేని పేదలు కొండలెక్కి దేవదారి ఆకులు కోసి వండుకు తిన్నారని ఆనాటి మద్రాసు ప్రభుత్వపు వైద్యులు, వృక్షశాస్త్రజ్ఞులు వ్రాసిపెట్టారు. దక్షిణ అమెరికాలో జనం నమిలే కోకా ఆకు ఈ చెట్టు జాతిదే. అయినా ఆనాడు మనవారు కోసింది శాస్త్రం తెలిసి కాదు, పచ్చగా మిగిలింది అదే గనుక.

ఇప్పుడు ఆ 1876 సంవత్సరాన్ని మళ్లీ తలచుకోండి. లెబానోనులో దేవదారులను మేకలు తినకుండా రాణిగారి సొమ్ముతో గోడ లేచిన యేడే, ఆ రాణిగారి రాజ్యంలోనే, మన సీమలో కరువు మొదలైంది. మరుసటి యేట మన మనుషులు దేవదారి ఆకు తిన్నారు. గోడ కట్టడం తప్పని నేననను. చెట్టును కాపాడడం పుణ్యమే. కాని ఒక చెట్టుకు గోడ కట్టే శ్రద్ధ మనిషి ఆకలిమీద కూడా ఉండాలి. యిర్మీయా చెప్పిన మాట అదే గదా.

గొప్ప దేవదారు రాజుల నగరులకు పోయింది. చిన్న దేవదారి పేదల కుండలోకి వచ్చింది. యెహెజ్కేలు 17వ అధ్యాయం చివర, ఎత్తైన చెట్టును తగ్గించేవాడను, పొట్టి చెట్టును హెచ్చించేవాడను నేనేనని ప్రభువు పలుకుతాడు. ఈ వచనం చదివినప్పుడల్లా మన కొండమీది ఈ చెట్టును తలచుకోవచ్చు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. కొండ చెట్టు కూడా మన కంటికి ఆనదు. వంటచెరకుగా నరికేస్తాం. మెల్లగా పెరిగే జాతి. ఒకసారి మొదలంటా నరికితే మళ్లీ చేవ తేలడానికి ఒక మనిషి జీవితకాలం చాలకపోవచ్చు.

6. వేప కూడా బంధువే

ఇక పెట్టెకు మనకు దగ్గరగా దొరికే కొయ్య ఏది? చందనం అనుమతి లేకుండా నరకరానిది. అయినా అది పెట్టెకు మించిన ఖరీదు. ఎర్రచందనం అటవీశాఖ రక్షణలో ఉన్నది. ముఖ్యంగా మన శేషాచలం, కడప, నెల్లూరు కొండలలో సహజంగా పెరిగేది. సొలోమోనుకు ఓడలలో వచ్చిన 'ఆల్ముగ్' మ్రాను (1 రాజులు 10) ఎర్రచందనమే కావచ్చునని కొందరు పండితుల ఊహ. దానిని మనం చెట్టుగానే చూసి సంతోషించాలి.

మిగిలింది వేప. ఇది వినండి. చుట్టల పెట్టెలకు ప్రపంచమంతా వాడే వాసన కొయ్య ఒకటుంది, స్పానిష్ సెడార్. అది కూడా అసలు దేవదారు కాదు. దాని కుటుంబం మీలియేసీ. మన వేప ఆ కుటుంబంలోదే. మహాగని కూడా ఆ కుటుంబంలోదే. కనుక మన ఇంటిముందు వేప ఈ విదేశీ సెడారుకు దాయాది. వేప చేవ ఎర్రగా ఉంటుంది. చెదలు అంత సులభంగా ముట్టవు. అందుకే మన పల్లెలలో తలుపులకు, ద్వారబంధాలకు, పెట్టెలకు, భోషాణాలకు వేపను వాడారు. లోపాలున్నాయి. నార అడ్డదిడ్డంగా ఉంటుంది గనుక చిత్రిక పట్టేటప్పుడు పెచ్చులు లేస్తాయి. టేకుకు వచ్చినంత మెరుగు రాదు. పచ్చిగా వాడితే పగులుతుంది. కోసిన పలకలను నీడలో, మధ్య సన్నని కొయ్యముక్కలు పెట్టి, గాలి ఆడేటట్టు పేర్చాలి. అంగుళం మందానికి సుమారు ఒక సంవత్సరం ఆరనివ్వాలని వడ్రంగుల లెక్క. ఈ ఓపిక ఉంటే వేప పెట్టె మనుమల కాలం వరకు నిలుస్తుంది.

7. విచారణలకు కొన్ని సూచనలు

మన విచారణలలో కాపాడవలసిన వస్తువులు రెండు రకాలు. పూజావస్త్రాలు ఒకటి. జ్ఞానస్నాన, వివాహ, మరణ పుస్తకాలు రెండవది. 1983 నాటి శ్రీసభ చట్టం 535వ సూత్రం ఈ పుస్తకాలను వ్రాయడం, పాత పుస్తకాలను కూడా జాగ్రత్తగా భద్రపరచడం విచారణ బాధ్యత అని ఆదేశిస్తుంది. పేద కుటుంబానికి తన తాత పేరు వ్రాతలో ఉన్నది బహుశః ఆ ఒక్క పుస్తకంలోనే. చెదలు తిన్న పుట ఏ కచేరీలోను మళ్లీ దొరకదు. కనుక ఇది చిన్న విషయం కాదు.

వస్త్రాల పెట్టెకు: బాగా ఆరిన వేప చేవ గాని, దొరికితే హిమాలయ దేవదారు గాని వాడండి. బయట వార్నీషు వేయవచ్చు. లోపల ఏమీ వేయవద్దు. అడుగు పలకను మేకులతో బిగించకుండా గాడిలో కూర్చమని ఆచారికి చెప్పండి. ఎండకు, వానకు కొయ్య సాగి ముడుచుకోవడానికి చోటుండాలి. మూత బిగువుగా కూర్చోవాలి. పెట్టెను నేలమీద పెట్టక రాతి దిమ్మలమీద, గోడకు జానెడు దూరంలో ఉంచండి. చెదలు గోడవెంట, నేలవెంట దారి కట్టుకుని వస్తాయి గనుక ఆ దారి మన కంటికి కనబడాలి. వస్త్రాలు కొయ్యకు నేరుగా తగలకుండా ఉతికిన నూలుగుడ్డలో చుట్టండి. కొయ్య నూనె పట్టుమీద మరక చేస్తుంది. కలరా ఉండలు వేసే అలవాటుంటే, అవీ బట్టకు తగలకూడదు, పిల్లలకు అందకూడదు.

పుస్తకాలకు: ఇక్కడ చాలామంది పొరబడతారు. వాసన కొయ్య పెట్టె కాగితానికి మంచిది కాదు. కొయ్యనుంచి వచ్చే ఆవిర్లు, నూనెలు కాలక్రమాన కాగితాన్ని పసుపు చేసి పెళుసు చేస్తాయి. రిజిష్టర్లకు ఇనుప బీరువాయే మేలు. నూలుగుడ్డలో చుట్టి, తడి గోడకు దూరంగా ఉంచండి. ఆరునెలలకొకసారి తీసి, పుటలు త్రిప్పి, దులిపి, మళ్లీ పెట్టండి. రెండవ ప్రతి వేరే చోట ఉండాలి. నేడు ఫోటో తీసి దాచడం సులువు. అదీ చేయండి.

తలుపులకు, పీఠానికి: దూరపు దేశపు కొయ్యకోసం అప్పు చేయకండి. దావీదు రాజు నేను దేవదారు ఇంటిలో ఉన్నాను, దేవుని మందసం గుడారంలో ఉన్నదని బాధపడ్డాడు (2 సమూవేలు 7). దేవుడు అతని ప్రేమను మెచ్చుకున్నాడు గాని, నాకు దేవదారు ఇల్లు కట్టలేదేమని నేను ఎన్నడైనా అడిగానా అని నాతాను ద్వారా అడిగించాడు. మన ఊరి కొయ్యతో, మన ఊరి ఆచారి చేత, కూలి సరిగా ఇచ్చి చేయించిన పీఠం దేవునికి తక్కువేమీ కాదు. పునీత జోజప్పగారు, వారివద్ద పని నేర్చిన యేసు ప్రభువు, నజరేతులో దేవదారుతో పనిచేసి ఉండరు. అది రాజుల కొయ్య. వారు నాగళ్లు, కాడిమ్రాకులు చేశారని రెండవ శతాబ్దపు పునీత జస్టిను వ్రాశాడు. నాగలి, కాడి చేసేది ఊరికొయ్యతోనే.

కొండమీది చెట్లకు: దేవదారి గుర్తు తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు. పిల్లలను కొండకు తీసుకుపోయి చూపించమని వారిని అడగండి. గుర్తు తెలిసిన చెట్టుమీదికి గొడ్డలి అంత త్వరగా లేవదు.

8. ధ్యానానికి

గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ పదార్థానికి వాడిన మాట 'హ్యూలే'. ఆ మాటకు అసలు అర్థం కొయ్య, కలప. లాటినులోని 'మటేరియా' కూడా అలాగే కలపను చెప్పే మాట. సృష్టిలోని ప్రతి వస్తువును ఆ పెద్దలు వడ్రంగి చేతిలోని కొయ్యను చూసి అర్థం చేసుకున్నారు. కొయ్య తనంతట తాను పెట్టె కాదు, రూపమిచ్చే చేయి కావాలి. మనమూ అంతే. దేవుడు మనలో లేతకొయ్యను కాదు, చేవను చూస్తాడు. చేవ ఎండలో, గాలిలో, యేండ్ల తరబడి నిలబడితేనే తేలుతుంది. సుఖంగా తొందరగా పెరిగిన చెట్టుకు అది తక్కువ.

చిమ్మటలు తినే చోట ధనం కూడబెట్టుకోవద్దని ప్రభువు చెప్పాడు (మత్తయి 6:19-20). దేవదారు పెట్టె కూడా చిమ్మటను పూర్తిగా ఆపలేదని ఈ పాఠంలో చూశాం. పెట్టె మంచిదే, చేయించుకోండి. అందులో కంబళి రెండు ఉంటే, ఈ చలికాలం ఒకటి బయటకు తీసి లేనివారికి కప్పండి. దానికి ఇక పురుగు భయం లేదు.

ఈ వారం కుటుంబ ప్రార్థనలో ఆలోచించడానికి మూడు ప్రశ్నలు:

అ. మన ఇంటిలోగాని, గుడిలోగాని చేయించిన పనికి పనివారికి కూలి సకాలంలో, సరిగా ఇచ్చామా?

ఆ. మన విచారణ పుస్తకాలు, పూజావస్త్రాలు ఎక్కడ, ఎలా ఉన్నాయో సంఘ పెద్దలుగా ఒకసారి చూశామా?

ఇ. మన ఊరి కొండమీది చెట్లలో ఎన్నింటి పేర్లు మన పిల్లలకు తెలుసు?

లెబానోను కొండను, మన కొండను ఒకే చేతితో చేసిన ప్రభువు మిమ్మును, మీ ఇంటిని దీవించునుగాక.